నీళ్ళలో అడిగిన ప్రశ్న

పుట్టినరోజు తప్పు చెప్పిందని త్రివేణిని నీళ్ళలోంచి లాగేశారు.

గంట ఈదాలి. ఇంకాసేపు ఓపిక పడితే గంట అయిపోయేది. శాన్‌ఫ్రాన్సిస్కో బేలో, చలి ఆపే రబ్బరు వెట్‌సూట్ లేకుండా, ఒట్టి స్విమ్‌సూట్‌తో గంటసేపు నిలిచినవాళ్ళకే అల్కట్రాజ్ దీవి నుంచి ఒడ్డు దాకా ఈదే జట్టులో చోటు. ఆ ఈత ఇంక రెండు వారాల్లో ఉంది. ప్రాక్టీసు చేసేవాళ్ళ పక్కనే క్లబ్ పడవ తిరుగుతుంది. మధ్యమధ్య దగ్గరికొచ్చి పేరేమిటి, పుట్టినరోజెప్పుడు అని అడుగుతారు. చలికి కాళ్ళూ చేతులతో పాటు బుద్ధి కూడా మొద్దుబారుతుంది, ఆ సంగతి మొద్దుబారినవాళ్ళకి తెలియదు. అందుకని ఆ ప్రశ్నలు. జవాబు పడవలో ఉన్న కాగితంతో కలవాలి. కలవకపోతే బతిమాలరు, చంకల కింద పట్టి ఎత్తేస్తారు.

త్రివేణిని అలాగే ఎత్తారు, తడిసిన బట్టల మూటని ఎత్తినట్టు.

ఒడ్డున దుప్పటి చుట్టుకుని కూర్చున్నాక గాని ఆమెకి కారణం తెలియలేదు. "డేట్ కలవలేదు," అంది గ్రెటా, పడవ తాడు చుడుతూ. పడవా ఆమెదే, మాటా ఆమెదే. అరవై దాటిన మనిషి, మెడలో విజిల్. మంచి చెప్పినా చెడు చెప్పినా ఒకటే గొంతు.

త్రివేణికి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక, అంత చలిలోనూ చెవులు మండాయి. తను పుట్టింది ఆగస్టు ఇరవై రెండున. బడిలో వేసిన రోజు హెడ్‌మాస్టరు జూన్ ఒకటి అని రాసుకున్నాడు. ఆ ఏడు ఆ బడిలో చేరిన పిల్లలందరూ జూన్ ఒకటినే పుట్టారు. పాస్‌పోర్టులో జూన్ ఒకటి, వీసాలో జూన్ ఒకటి, లైసెన్సులో, క్లబ్ కాగితంలో అదే. చలిలో అడిగేసరికి నోట్లోంచి అసలుది వచ్చేసి ఉంటుంది. నిజం చెప్పినందుకు మతి పోయిందని రాసుకున్నారన్నమాట.

గ్రెటా పక్కన కాగితం పట్టుకుని కూర్చున్నది ఎవరో అమెరికావాడైతే ఆమెకి అంత మండేది కాదు. కూర్చున్నది మనీషా. శాన్ రామన్‌లో త్రివేణి ఇంటికి రెండు వీధుల అవతల ఉంటుంది. ఆగస్టు ఇరవై రెండున ఏటా కేకు పట్టుకొచ్చేది ఆవిడే. అన్నీ తెలిసి నోరు మెదపలేదు.

ఇంటికి కూడా మనీషా కారులోనే రావాలి. వచ్చేటప్పుడు అలాగే వచ్చారు.

"సీట్ హీటర్ పెంచనా?" అంది మనీషా.

"వద్దు."

"అల్లం నీళ్ళు తాగు. ఫ్లాస్క్ నీ కాళ్ళ దగ్గరే ఉంది."

త్రివేణి ఫ్లాస్క్ ముట్టుకోలేదు. మూత తిప్పడానికి వేళ్ళు ఇంకా రావడం లేదని మనీషాకి కనపడడం ఇష్టం లేక. "ఆగస్టు అని నీకు తెలుసు కదా," అంది చివరికి.

మనీషా అద్దంలో చూసుకుని లేన్ మారింది. "ముందు వెచ్చబడు. తర్వాత మాట్లాడుకుందాం."

తర్వాత అంటే ఎప్పుడు? చోటు పోయాకా? పోయినేడు ఇదే గంట పరీక్షలో మనీషా భుజం పట్టేసి మధ్యలోనే పడవెక్కింది. అప్పట్నుంచి ఈత మానేసి పడవలో కూర్చోవడం మొదలుపెట్టింది. ఇన్నాళ్ళూ అది స్నేహమనుకుంది త్రివేణి. ఇప్పుడు ఆ మనిషి చేతులు స్టీరింగ్ మీద అంత నిమ్మళంగా ఉండడం కూడా అనుమానంగానే ఉంది.

ఇంట్లో భర్త ఉదయ్ తలుపు తీసి, "అయిందా?" అన్నాడు. తర్వాత సాయంత్రం దాకా ఆమె వైపు ఒకలా చూస్తూనే ఉన్నాడు. ఆ చూపు ఆమెకి తెలుసు. మానేస్తే బావుండును అనే చూపు. ఐసు నీళ్ళలో కూర్చుని చలికి అలవాటుపడడానికి గ్యారేజీలో రేకు తొట్టి పెట్టించుకున్న రోజున కూడా అలాగే చూశాడు. పొలం సామాన్ల షాపులో పశువులకి నీళ్ళు పెట్టడానికి అమ్మే తొట్టి అది. "ఆవు ఎప్పుడొస్తోంది?" అని అడిగాడు. అప్పుడు నవ్వింది.

మర్నాడు ఆదివారం సృజన్ వాళ్ళింట్లో ఇడ్లీలు. క్లబ్బులో ఈదే తెలుగువాళ్ళు ఆరుగురు నెలకోసారి అలా కూడతారు. త్రివేణి ప్లేటు పట్టుకోకుండానే మొదలుపెట్టింది. "క్లబ్‌కి మెయిల్ రాస్తున్నాను. మన సర్టిఫికెట్ డేట్లు వేరే, అసలు డేట్లు వేరే అని రాస్తాను. అందరూ సైన్ చెయ్యండి."

గదిలో చెంచాల చప్పుడు ఆగింది.

"అక్కా, మెయిల్ మాత్రం పెట్టకు," అన్నాడు సృజన్. వరంగల్ పిల్లవాడు, ముప్ఫై దాటలేదు. వెయిటింగ్ లిస్టులో మొదటి పేరు అతనిదే. త్రివేణి చోటు పోతే అతనికే వస్తుంది.

"ఎందుకు పెట్టకూడదు?"

"పాస్‌పోర్ట్‌ల డేట్ తప్పని నువ్వే రాసిస్తవా? అందరం గ్రీన్ కార్డ్ లైన్‌ల ఉన్నం. రేపు ఎవడన్న దాన్ని పట్టుకొని ఫ్రాడ్ అంటే?"

"ఈత క్లబ్‌కి రాసింది ఇమిగ్రేషన్ వాళ్ళు చదువుతారా?"

"ఏమో. రాసింది ఎన్నటికైనా ఉంటది."

"నీ పుట్టినరోజెప్పుడు సృజన్?"

"జూన్ పది."

"అసలుది."

సృజన్ చట్నీ గిన్నె వైపు చూశాడు. "దసరా ముంగట అక్కా. తారీఖు అమ్మకే తెల్వదు."

ఎవరో నవ్వారు. త్రివేణి నవ్వలేదు, వరసగా అడిగింది. ఆరుగురిలో నలుగురు జూన్. ఇంతమంది ఒకే నెలలో పుట్టిన జాతి భూమ్మీద ఇంకోటి ఉండదు. చదువులు చదివారు, ఇళ్ళు కొన్నారు, బ్యాంకులకీ ఆస్పత్రులకీ సాఫ్ట్‌వేర్ రాసిపెడుతున్నారు. తమ తల్లులు తమని కన్న రోజు ఫలానా అని పైకి చెప్పడానికి మాత్రం గుండెలు లేవు. ఎవరో వింటారని భయం. ఎవరు వింటారో వాళ్ళకే తెలియదు.

"నాకు ఇక్కడ ప్రతి కాగితంలో ఒకటే పేరు, ఉదయ్‌కి డిపెండెంట్," అంది త్రివేణి. "నేను నేనుగా పేరు రాసుకున్నది ఆ ఈత లిస్టులోనే. దాంట్లోంచి కూడా నన్ను మతిలేనిదని కొట్టేస్తే నోరు మూసుకోమంటారా?"

సృజన్‌ది భయమా, ఆశా? ఆమెకి తేలలేదు. స్టవ్ దగ్గర మనీషా సాంబార్ కలుపుతూనే ఉంది, అడుగంటుతుందన్నట్టు. ఒక్క మాట చాలు. అవును, ఆగస్టు అన్నది, నేను విన్నాను అంటే చాలు. అనలేదు.

త్రివేణి ఒక్కతే రాసింది. గ్రామరు చూసుకోలేదు, ప్లీజులు పెట్టలేదు. నేను నిజం చెప్పాను, మీ కాగితం అబద్ధం చెప్పింది, నాలాంటివాళ్ళు మీ క్లబ్‌లో ఇంకా ఉన్నారు, రేపు వాళ్ళనీ ఇలాగే లాగేస్తారు అని రాసి పంపేసింది.

మంగళవారం గ్రెటా జవాబిచ్చింది. అసలు డేట్ వేరే ఉంటుందని తనకి తెలియదంది. పొరపాటైందంది. ఇకమీద పుట్టినరోజు అడగబోమంది, వేరే ప్రశ్నలు అడుగుతామంది. ఆ గంట పూర్తయినట్టే లెక్క, చోటు త్రివేణిదే, శనివారం ఆఖరి ప్రాక్టీసుకి రమ్మంది.

ఆ మెయిల్ తెలుగు గ్రూపులో పెట్టగానే ఆదివారం మూగబోయిన నోళ్ళన్నీ లేచాయి. బొటనవేళ్ళు, చప్పట్లు. "మనం సాధించాం," అని పెట్టాడొకడు. మెయిల్ పెట్టొద్దన్న సృజన్ కూడా "అక్కా సూపర్" అన్నాడు. మనీషా చదివినట్టు నీలం గీతలు పడ్డాయి, అంతే.

గెలిచిన సంతోషం ఒక పూట కూడా నిలవలేదు. ఇంత తేలిగ్గా ఎందుకిచ్చారు? ఏం చూసి ఇచ్చారు? త్రివేణి మెయిల్ మళ్ళీ మళ్ళీ తీసి చదివింది. తప్పు దొరకలేదు. దొరకనందుకు ఇంకా అనుమానమేసింది.

గురువారం సాయంత్రం తొట్టిలో ఉండగా మనీషా వచ్చింది. ఐసు సంచులు రెండు కుమ్మరించి, మెడ దాకా దిగి, గట్టిగా ఊపిరి వదులుతూ కూర్చుంది త్రివేణి. దిగిన మొదట్లో గుండె గొంతులోకి వస్తుంది. అప్పుడు బెదరకుండా ఊపిరి పొడుగ్గా వదలాలి. అది కుదిరితే మిగతాదంతా మొండితనం. గ్యారేజీ తలుపు సగం ఎత్తి ఉంది. ముందు మనీషా చెప్పులు కనపడ్డాయి, తర్వాత మనిషి వంగి లోపలికి వచ్చింది.

"లే, మాట్లాడాలి."

"ఇక్కడే మాట్లాడు."

మనీషా పక్కనున్న పెయింటు డబ్బా మీద కూర్చుంది. "నువ్వు ఆగస్టు అనలేదు త్రివేణీ."

"మరి?"

"మార్చి తొమ్మిది అన్నావు. రెండుసార్లు అడిగాను. రెండుసార్లూ అదే. డేట్ కలవలేదని మాత్రమే గ్రెటాతో అన్నాను."

మార్చి తొమ్మిది త్రివేణి కూతురు నైనిక పుట్టినరోజు. ఫార్మసీలో, డెంటిస్టు దగ్గర, బడి ఆఫీసుకి ఫోన్ చేసినప్పుడల్లా త్రివేణి నోటి నుంచి వచ్చే తేదీ. తన తేదీని ఎవరూ అడగరు.

"అబద్ధం," అంది త్రివేణి.

"ఇంకోటి కూడా అన్నావు. పాపని పికప్ చేసుకోవాలి, బోట్ పక్కకి తియ్యండి అన్నావు. తెలుగులో. గ్రెటాతో."

ఐసు ముక్కలు తొట్టి అంచుకి తగిలి చిన్నగా చప్పుడు చేశాయి.

"ఒడ్డునే ఎందుకు చెప్పలేదు?"

"అందరి ముందూనా? నీ బట్టల హుక్కులు కూడా నేనే పెట్టాను ఆ రోజు. గుర్తుందా?"

గుర్తు లేదు. త్రివేణి ఆ మాట అనలేదు.

"ఆదివారం చెప్దామని వచ్చాను. అప్పటికే నువ్వు జూన్ వాళ్ళందర్నీ నిలబెట్టి అడుగుతున్నావు. తర్వాత గ్రెటా ఫోన్ చేసింది, ఆగస్టు అన్నదా అని. గాలికి సరిగ్గా వినపడలేదన్నాను." మనీషా చున్నీ కొస వేలికి చుట్టింది. "భయపడి అన్నాను. నీ కోపానికి. చెప్తే కుళ్ళుకుని చెప్పానంటావని."

"ఇప్పుడూ అదే అంటున్నాను."

"అను. శనివారం నేను బోట్ ఎక్కను. నిన్ను ఇంకోసారి ఆ మొహంతో చూడలేను. గ్రెటాకి చెప్తావో మానేస్తావో నీ ఇష్టం. రూల్ నీకూ తెలుసు."

తెలుసు. చలికి మతి తప్పినవాళ్ళు నెల దాకా క్లబ్ తరఫున నీళ్ళలో దిగకూడదు. అల్కట్రాజ్ ఈత వచ్చే వారమే.

మనీషా వెళ్ళాక కూడా త్రివేణి తొట్టిలోంచి లేవలేదు. ఆ శనివారాన్ని గుర్తు చేసుకోవడానికి చూసింది. నీళ్ళలో దిగడం ఉంది. ముఖానికి కొట్టిన ఉప్పునీళ్ళున్నాయి. ఒడ్డున దుప్పటి ఉంది. మధ్యలో ఏముంది? ఆగస్టు ఇరవై రెండు అని తను అన్నట్టు ఈ అయిదు రోజులూ చెవులారా విన్నదల్లా తను తర్వాత అల్లుకున్నదేనా? లేక మనీషా ఇప్పుడు అల్లిందా? చుట్టూ ఉన్న అందర్నీ అనుమానించింది. ఆ వరసలో తన పేరు ఎప్పుడూ రాలేదు.

లేచి, తుడుచుకుని, స్వెట్టరు మీద స్వెట్టరు వేసుకుని లోపలికి వెళ్ళింది. ఉదయ్ సోఫాలో ఉతికిన బట్టలు మడతపెడుతున్నాడు.

"శనివారం నేను ఇంటికొచ్చాక ఎలా ఉన్నాను?"

అతను నైనిక సాక్సు ఒకటి పట్టుకుని దాని జత వెతుకుతున్నాడు. "ఈ రోజు ఆఫీస్‌కి వెళ్ళలేదా అన్నావు."

"శనివారం కదా."

"అదే చెప్పాను. కాసేపటికి మళ్ళీ అడిగావు. మూడోసారి అడిగితే ఆస్పత్రికి తీసుకెళ్దామని చూస్తూ కూర్చున్నాను."

"నాకు చెప్పలేదేం?"

"చెప్తే ఏమంటావు? ఈత మానిపించడానికి కథలు చెప్తున్నావంటావు."

అవును, అదే అనేది. త్రివేణి అతని పక్కన కూర్చుని బట్టల కుప్పలోంచి రెండో సాక్సు తీసి ఇచ్చింది.

శనివారం ఒడ్డున పొగమంచు ఇంకా విడలేదు. సృజన్ అప్పటికే వచ్చి ఒరుసుకోకుండా మెడకీ చంకలకీ వాజెలీన్ పట్టిస్తున్నాడు. ఎవరైనా తప్పుకుంటే చోటు వస్తుందేమోనని అతనూ ఇవాళ గంట పరీక్షకి దిగుతున్నాడు. త్రివేణి ఈత సంచీ కారులోనే వదిలేసి గ్రెటా దగ్గరికి వెళ్ళింది.

"నేను రాసింది తప్పు," అంది ఇంగ్లీషులో. "నేను ఆగస్టు అనలేదు. నా కూతురి పుట్టినరోజు చెప్పాను. నాకు తెలివి లేదు ఆ టైములో."

గ్రెటా ఆమెని కిందనుంచి పైదాకా చూసింది. సారీ అనలేదు, మెచ్చుకోలేదు. "నెల," అంది.

"తెలుసు."

"మార్చిన రూల్ అలాగే ఉంటుంది. ఆ ప్రశ్న చెత్త ప్రశ్నే." తాడు విప్పుతూ ఆగింది. "మనీషా రానంది. నాకు పడవలో మనిషి కావాలి. ఎక్కుతావా?"

సృజన్ వింటూనే ఉన్నాడు. త్రివేణి పడవ వైపు నడుస్తుంటే పక్కనే వచ్చాడు. "నిజంగనే ఇచ్చేస్తున్నవా అక్కా?"

"ఇవ్వడం కాదు. పోయింది."

"నేనైతే చెప్పకపోదును," అన్నాడు. నవ్వబోయి, ఆమె మొహం చూసి మానేశాడు. "మస్తు ఈదుతా చూడు. నీ సీట్ వేస్ట్ గానియ్య."

బాగానే మొదలుపెట్టాడు. నలుగురు దిగితే అందరికంటే ముందు అతనే. పడవ మొదటిసారి దగ్గరికెళ్ళినప్పుడు త్రివేణి వంగి, "పొద్దున ఏం తిన్నావు?" అని అడిగింది.

"ఉప్మా అక్కా. మా ఆవిడ జీడిపప్పు లెక్క లేకుండ వేసింది."

రెండోసారి, "పేరు?"

"సృజన్. అప్పుడే మర్చిపోయినవా ఏంది?"

అతని నవ్వు విని గ్రెటా కూడా నవ్వింది. మాటలు బాగున్నాయి. త్రివేణి మాటలు వినడం మానేసి మనిషిని చూడడం మొదలుపెట్టింది. ఎడమ చెయ్యి నీళ్ళలోకి కోసుకుంటూ దిగడం లేదు, అరచెయ్యి బల్లపరుపుగా పడుతోంది. వేళ్ళ మధ్య సందులొచ్చాయి. కాళ్ళు దాదాపు ఆగిపోయాయి. ఒడ్డుకి సమాంతరంగా వెళ్ళాల్సినవాడు బయటి నీళ్ళవైపు తిరిగాడు. గ్రెటా విజిల్ వేస్తే సర్దుకున్నాడు. మళ్ళీ తిరిగాడు. మళ్ళీ విజిల్. మళ్ళీ అటే.

"పొద్దున ఏం తిన్నావు?"

"ఉప్మా. చెప్పిన గద." నవ్వుతున్నాడు. నవ్వు ఆగాక కూడా పెదాలు అలాగే ఉన్నాయి.

గ్రెటా ఇంజిన్ తగ్గించింది. "అతని మొహం నీ వైపుంది. తీద్దామా వద్దా, నువ్వు చెప్పు."

జవాబులన్నీ సరైనవే. తనకి తెలివి తప్పినప్పుడు తన మొహం ఎలా ఉందో తను చూసుకోలేదు, కాబట్టి దీన్ని దేనితో పోల్చాలో తెలియదు. అల కొడుతోంది, అల కొడితే ఎవరైనా దారి తప్పుతారు. గంట దగ్గరపడింది. ఇప్పుడు తీస్తే రేపు గ్రూపులో ఏమంటారో ఆమెకి అక్షరం అక్షరం తెలుసు. తీయకపోతే? ఒకవేళ తనకే కళ్ళు కుట్టి ఇదంతా కనిపిస్తుంటే?

సృజన్ నాలుగోసారి బయటికి తిరిగాడు.

"తీసేద్దాం," అంది త్రివేణి.

చంకల కింద చేతులు వేసి ఇద్దరూ ఎత్తారు. అతను విడిపించుకోబోయాడు, బలం చాల్లేదు. త్రివేణి తడి టోపీ లాగేసి ఉన్ని టోపీ పెట్టింది, దుప్పటి చుట్టింది, ఇంకో దుప్పటి చుట్టింది. మనీషా తనకి ఇవన్నీ చేసి ఉంటుంది.

"పేరు చెప్పిన. తిన్నది చెప్పిన," అన్నాడు సృజన్. మాట ఎక్కడా తడబడలేదు. "ఇంకేం కావాలె?"

"దారి తప్పుతున్నావు."

"నీకు రాలేదని నాకు గూడ రానియ్యవా అక్కా?"

"ఏమంటున్నాడు?" అంది గ్రెటా.

"చలేస్తోందంటున్నాడు."

"నో. ఐయామ్ ఫైన్," అన్నాడు సృజన్ గ్రెటా వైపు తిరిగి, స్పష్టంగా. తర్వాత త్రివేణి వైపు చూశాడు. శాన్ రామన్ దాకా ఆ కారులో మనీషా చేతుల్ని తను చూసిన చూపు అది.

ఆమె ఫ్లాస్కులోంచి వేడి నీళ్ళు కప్పులో పోసి పట్టబోయింది. అతను ఆమె చేతిలోంచి కప్పు తీసుకుని తనే పట్టుకున్నాడు. ఒలకలేదు. నీళ్ళలోంచి వచ్చిన కాసేపటికి గాని అసలు వణుకు మొదలుకాదని త్రివేణికి తెలుసు. కొంతమందికి ఒడ్డు చేరాక వస్తుంది. అందుకని ఎదురుగా కూర్చుని ఆ చేతినే చూడసాగింది. వణుకు రావాలి. వస్తే తను చేసింది సరైన పనే. రాకపోతే ఏమిటో ఆలోచించడానికి ఆమెకి ధైర్యం చాల్లేదు. ఒక పిల్లవాడి ఒళ్ళు చలికి కొట్టుకోవాలని అంత గట్టిగా కోరుకుంటూ ఆమె దుప్పటి అంచు అతని మోకాళ్ళ మీదికి లాగి సర్దింది.

కప్పులో నీళ్ళ మీద సన్నగా, వలయాలు వలయాలుగా కదలిక మొదలైంది. అది చేతిదో, పడవ అడుగున మోగుతున్న ఇంజిన్‌దో తెలియడం లేదు. గ్రెటా ఇంజిన్ ఆపితే గాని తెలియదు. ఒడ్డు ఇంకా పొగమంచు వెనకాలే ఉంది.